బొంత కుట్టడం ఖాళీగా ఉండటమేనా?

2025 మార్చిలో, మహిళా దినోత్సవ సభల హడావిడి తగ్గిన వారంలో, మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో సంఘాల మహిళలకు రెండు రోజుల శిక్షణ పెట్టాం. మొదటి రోజు మధ్యాహ్నం ఎప్పటిలాగే గడియారం పాఠం. మీలో చాలామంది ఆ పాఠం చెప్పినవాళ్లే, లేదా విన్నవాళ్లే. చార్టు మీద రెండు పెద్ద గడియారాలు గీస్తాం, ఒకటి ఆమెది, ఒకటి అతనిది. లేచిన దగ్గరనుంచి పడుకునేదాకా ఎవరు ఏ గంటలో ఏం చేస్తారో నింపిస్తాం. ఆమె గడియారం కిక్కిరిసిపోతుంది. అతని గడియారంలో తెల్ల కాగితం మిగులుతుంది. చూసి అందరూ నవ్వుతారు, కాసేపటికి ఆ నవ్వు ఆగిపోతుంది. పదిహేనేళ్లకు పైగా ఈ పాఠం చెబుతున్నాను. ఆ నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు బాగా అలవాటు.

ఆ రోజు మాత్రం వెనక వరసలో కూర్చున్న ఒకావిడ లేచింది. "మేడమ్, మా అందరియి గీపిస్తివి. నీది గూడ గియ్యి, సూస్తం" అంది.

తప్పించుకునే దారి లేదు. నా ఆదివారాన్ని గీశాను. సెలవు రోజు కాబట్టి కాస్త గౌరవంగా కనిపిస్తానన్న ఆశ కూడా లేకపోలేదు. వంట, బట్టలు, అత్తగారి మందులు అన్నీ రాశాక, మిగిలిన చోట 'ఖాళీ సమయం' అని ఒక గడి గీసి అందులో 'మొక్కలు, బొంత' అని రాశాను. నా సహచరుడి గడియారంలో పొద్దున అయిదున్నర నుంచి పన్నెండున్నర దాకా ఒకే మాట రాశాను, గోల్ఫ్ అని.

"గోలీలాటనా?" అని ఒకమ్మాయి అడిగింది. కాదు, కర్రతో చిన్న బంతిని దూరంగా కొట్టుకుంటూ పోయి గుంటలో వెయ్యాలి, అలాంటి గుంటలు పద్దెనిమిది ఉంటాయి అని చెప్పాను. "అట్లైతే చిర్రగోనె" అని ఇంకొకామె తేల్చేసింది. అందరూ నవ్వారు. ఆ మొదటి ఆవిడ మాత్రం నా గడియారం దగ్గరికొచ్చి, బొంత అన్న మాట మీద వేలు పెట్టింది. "బొంత కుట్టుడు ఖాళీగ ఉన్నట్టా మేడమ్? మరి ఆ బొంత ఎవరు కప్పుకుంటరు?"

మా మేనకోడలి కాన్పు మే నెలలో. ఆ బొంత పుట్టబోయే బిడ్డకోసం.

బొంత సంగతి కొంచెం చెప్పాలి. 2021లో మా అమ్మ పోయాక రెండు ట్రంకు పెట్టెల చీరలు నా వంతుకొచ్చాయి. పట్టుచీరలు ఎవరికి వాళ్లు తీసుకున్నారు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నారాయణపేట, మంగళగిరి నూలుచీరలు మిగిలిపోయాయి. అమ్మ ప్రతి ఎండాకాలం బొంతలు కుట్టేది. చాప మీద పాత చీరలు నాలుగైదు మడతలుగా పరిచి, మూలలకు రోలూ పొత్రమూ బరువు పెట్టి, పైన మంచి రంగు చీర వేసి, ముందు దూరదూరంగా టాకాలు వేసి, తర్వాత దబ్బనంతో అంచునుంచి లోపలికి వరసలు కుట్టుకుంటూ వచ్చేది. పక్కన ఇద్దరు ముగ్గురు కూర్చుని తలో వైపు నుంచీ అందుకునేవాళ్లు. నేను ఆ పని నేర్చుకోలేదు. చదువుకుంటున్న పిల్లని కదా. అమ్మ పోయాకే సూది పట్టుకున్నాను. ఏదో ఒక అంచు చేతికి తగిలితే అమ్మ ఎప్పుడు కట్టుకున్న చీరో గుర్తొస్తుంది. అందుకే దాన్ని పని అనుకోవడానికి మనసొప్పలేదు. ఇష్టంగా చేసేది పని ఎలా అవుతుంది అనుకున్నాను.

ఇది నేనొక్కదాన్నే అనుకున్నది కాదు. మా ఇంట్లో ఒక ఒప్పందంలాంటి మాట ఉండేది. "నీకు బొంత, నాకు గోల్ఫ్. ఎవరి సరదా వాళ్లది." అన్నది నా సహచరుడే. ఒకప్పుడు నాతో పాటు యూనివర్సిటీ గోడల మీద పోస్టర్లు అంటించిన మనిషి. కంపెనీలో పెద్ద హోదా వచ్చాక క్లబ్బు సభ్యత్వం కూడా వెంట వచ్చింది. ఆ మాటలో తూకం బాగానే కనిపిస్తుంది. నాలుగేళ్లు నేనూ తల ఊపాను. సమాజశాస్త్రంలో డాక్టరేటు ఉన్నంత మాత్రాన సొంత వంటింట్లో కళ్లు తెరుచుకోవని ఇక్కడ ఒప్పుకోవాలి.

శిక్షణ నుంచి తిరిగొచ్చిన ఆదివారం, జాతీయ గణాంక కార్యాలయం వాళ్ల పద్ధతిలోనే నా రోజును రాసుకున్నాను. తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంటకొక గడి. ఆ ఒక్క రోజు కాగితం నా దగ్గర ఇంకా ఉంది. అయిదింటికి లేచి అతనికి కాఫీ ఇవ్వడం (అడగలేదు, నేనే ఇచ్చాను). అయిదున్నరకు కారు వెళ్లిపోయింది. దొండపాదుకూ గోంగూర మడికీ నీళ్లు పెట్టాను. బెండ మొక్కలకు పిండినల్లి పట్టింది, ఒక్కో ఆకూ తుడిచి వేపనూనె కొట్టాను. అక్కడే మధ్యాహ్నం కూరకు బచ్చలి కోశాను. ఏడింటికి అత్తగారికి షుగరు చూసి ఇన్సులిన్, టిఫిన్. ఇంటర్ చదివే పిల్లాడిని లేపడం మూడు గడుల్లో మూడుసార్లు వచ్చింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు ఆదివారం సెలవు. అందువల్ల గిన్నెలు నావి. (ఆమె సెలవు రోజున ఏం చేస్తుందని తర్వాత అడిగాను. "మా ఇంటి బట్టలన్నీ ఉతుక్కుంటానమ్మా" అంది. వారంలో మిగిలిన ఆరు రోజులు నేను వ్యాసాలు రాసుకునే తీరిక ఆమె చేతుల మీదుగానే వస్తోంది. ఆ లెక్క వేరే రాయాలి.) పదిన్నరకు బొంత పరిచాను. పది ముప్పై అయిదుకి గ్యాస్ సిలిండర్. పది యాభైకి అత్తగారి పిలుపు. పదకొండుంబావుకి పిల్లాడి చార్జరు కనపడలేదు. పన్నెండుకు కుక్కరు పెట్టాను. బొంత మీద ఆ పూట పడ్డవి మూడు వరసలు.

అతని ఏడు గంటల్లో అడ్డుపడ్డవి ఏమీ లేవు. క్లబ్బులో ఆడుతున్నప్పుడు ఫోను పక్కన పెట్టేయడం మర్యాద అట.

సరదాకీ సరదాకీ తేడా ఇక్కడే ఉంది. అతని తీరికకు గేటుంది, రుసుముంది, బూట్లున్నాయి, సంచీ మోసే కుర్రాడున్నాడు, గడ్డి కత్తిరించే మనుషులున్నారు. ఇంటికి దూరంగా ఉండటమే దానికి రక్ష. నా తీరికకు తలుపే లేదు. ఇంట్లో నేల మీద కూర్చున్నది కనుక ఎవరైనా దాన్ని దాటుకుంటూ పోవచ్చు. పైగా ఆ సరదా చివరికి ఒక బొంత, ఒక పూట కూర అయి అందరికీ ఉపయోగపడుతుంది. అతని సరదా నుంచి ఇంటికి ఏదీ రావాల్సిన అవసరం లేదు. వస్తే ఎండకు నల్లబడ్డ మొహం, ఆకలి వస్తాయి.

తీరిక అన్న మన మాటనే చూడండి. పని తీరాక మిగిలేది అని అందులోనే ఉంది. ఇంటిపని తీరదు. కాబట్టి తీరిక కావాలంటే ఇల్లు దాటాలి, లేదా చేస్తున్న పనికే తీరిక అని పేరు పెట్టుకోవాలి. నేను రెండోది చేశాను.

సర్వే వర్గీకరణ కూడా ఈ చిక్కులోనే ఉంది. సొంత వాడకానికి కూరగాయలు పండిస్తే, బట్టలు కుడితే అది ఇంటికోసం చేసే ఉత్పత్తి. అదే అభిరుచి కోసం చేస్తే వినోదం, విశ్రాంతి కిందికి వెళ్తుంది. ఏ గడిలో పడేదీ చివరికి ఆ స్త్రీ చెప్పే మాట మీద ఆధారపడుతుంది. "ఏం చేస్తున్నావమ్మా" అంటే "ఏం లేదు, ఊరికే కూర్చున్నా" అనే ఆడవాళ్లను, చేతిలో చేట పెట్టుకుని ఆ మాట అనేవాళ్లను, మనమంతా చూశాం. గోల్ఫ్ విషయంలో ఈ అయోమయం ఏ దేశంలోనూ లేదు.

అంత అయోమయంలోనూ బయటపడ్డ అంకెలు చూడండి. 2019 సర్వేలో జీతం లేని ఇంటిపనులు చేస్తున్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88. అయిదేళ్లలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గిందని సంతోషించేవాళ్లు పురుషులది తొమ్మిది తగ్గిందని కూడా చూడాలి. మన పది నిమిషాలు వాళ్ల చేతికి పోలేదు. మిక్సీకో, నల్లాకో, ఇంకో ఆడదాని చేతికో పోయి ఉంటాయి. పైగా ఇది ఆ పనులు చేసేవాళ్ల సగటు మాత్రమే. 2019లో అసలు ఏదైనా ఇంటిపని చేశామన్న పురుషులు నూటికి 26 మందే.

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద నష్టపరిహారం కేసులో ఈ 299, 97 అంకెలనే ఉదహరించింది. జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో గృహిణి శ్రమకు విలువ కట్టాల్సిన అవసరాన్ని వివరంగా చర్చించారు. మంచి తీర్పు. కానీ మన దేశంలో ఇంటిచాకిరీకి ఖరీదు కట్టే పద్ధతి ఎక్కువగా మోటారు ప్రమాదాల కేసుల్లోనే పెరుగుతూ వచ్చింది. అంటే ఆమె లారీ కింద పడ్డాకే ఆమె రోజుకెన్ని గంటలు పనిచేసిందో కోర్టు అడుగుతుంది. బతికున్న భార్యకు భర్త పేరున కొన్న ఆస్తిలో సగం వాటా ఉందని, ఆమె ఇంటి శ్రమ దానికి పెట్టుబడేనని 2023లో మద్రాసు హైకోర్టు అన్నప్పుడు మనం ఇంకాస్త గట్టిగా మాట్లాడి ఉండాల్సింది.

గోల్ఫ్ మీద నాకు పగ లేదు. ఆ ఆటలో నాకు బాగా నచ్చిన విషయం కూడా ఒకటుంది. బలహీనమైన ఆటగాడికి లెక్కలో కొన్ని దెబ్బలు మినహాయిస్తారు, అందువల్ల ఇద్దరూ సమానంగా పోటీపడగలుగుతారు. ఇంత తేలిగ్గా ఆ సూత్రాన్ని ఒప్పుకున్న పెద్దమనుషులు క్లబ్బు వరండాలో కూర్చుని రిజర్వేషన్ల గురించి మాట్లాడే మాటలు వేరే ఉంటాయి. స్కాట్లండులో 1754లో మొదలైన సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు స్త్రీలను సభ్యులుగా ఒప్పుకున్నది 2014లో. అమెరికాలో అగస్టా నేషనల్ 2012లో. అక్కడ మార్తా బర్క్ నాయకత్వంలో మహిళా సంఘాలు 2002 నుంచే ఆందోళన చేస్తే, ఆటలో రాజకీయాలేమిటని వాళ్లనే ఎగతాళి చేశారు. మా నగరపు క్లబ్బువాళ్లు నాకొక కార్డు పంపారు. దానిమీద నా పేరు కింద 'ఆధారితురాలు' అని ఉంది. డ్రాయరులో పడేశాను.

ఆలిస్ వాకర్ 1974లో అమ్మల తోటల గురించి రాసిన వ్యాసాన్ని చాలా ఏళ్లు క్లాసులో చెప్పాను. పొలంపనీ ఇంటిపనీ అయ్యాక ఆమె తల్లి పెంచిన పూలు, అలబామాలో ఊరూపేరూ తెలియని నల్లజాతి స్త్రీ పాత గుడ్డలతో కుట్టిన బొంత, వాటిలో అణిగిపోని సృజన ఉందని ఆమె చూపిస్తుంది. నాకిప్పటికీ ఇష్టమైన వ్యాసం. అయితే మనం దాన్ని చదువుకున్న తీరులో ఒక సుఖం దూరిందని ఇప్పుడనిపిస్తోంది. అలసిపోయిన మనిషి పూలు పెంచిందని మురిసిపోయి, ఆమె ఎందుకంత అలసిపోయిందన్న ప్రశ్నను సగంలో వదిలేశాం.

ఇంకా ఇబ్బందికరమైన సంగతి ఏమిటంటే, మన సంస్థలు చేస్తున్నదీ ఇదే. 'మహిళల ఖాళీ సమయాన్ని సద్వినియోగం చేస్తూ' అన్న వాక్యం నా చేత్తో ఎన్ని ప్రాజెక్టు ప్రతిపాదనల్లో రాశానో లెక్కలేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వాళ్లు ఖాళీ అని మనకెవరు చెప్పారు? ఆ రెండు గంటల్లోకి కుట్టుమిషన్లు తెచ్చాం, పెరటితోటలు తెచ్చాం, పొదుపు మీటింగులు తెచ్చాం. అరుగు మీద కాళ్లు బారజాపుకుని పక్కింటామెతో మాట్లాడుకునే పొద్దును గడియారంలోంచి తుడిచేశాం. ఆదాయం వద్దని ఎవరూ అనరు. కూలి గిట్టని ఊళ్లో ఆ డబ్బు విలువ నాకు తెలుసు. కానీ మగవాళ్ల ఖాళీ సమయాన్ని సద్వినియోగం చేసే ప్రాజెక్టు నేను ఇంతవరకూ ఒక్కటి కూడా చూడలేదు. పనికిరాకుండా గడిపే గంట కూడా హక్కే అని మనం అడగకపోతే ఎవరడుగుతారు?

ఆ కాగితం సహచరుడికి చూపించాను. మొదట నవ్వాడు. తర్వాత "అయితే మానేయమంటావా?" అన్నాడు. మానేయమనలేదు. నెలలో రెండు ఆదివారాలు ఇన్సులిన్ దగ్గర్నుంచి కుక్కరు దాకా తనవి, నేను ఇంట్లో ఉండను అన్నాను. నాలుగు రోజులు మా మధ్య మాటలు పొడిపొడిగా నడిచాయి. చివరికి ఒప్పుకున్నాడు. మొదటి ఆదివారం ఎక్కడికి వెళ్లాలో తెలియక యూనివర్సిటీ చెట్ల కింద బెంచీ మీద కూర్చున్నాను. నలభై నిమిషాలు గడిచాక నా చెయ్యి దానంతటదే సంచీలోకి పోయి సూదీ దారం తీసింది. ఇంటినుంచి ఫోన్లు అయిదు వచ్చాయి, ఒకటి మెంతులు ఎక్కడున్నాయని.

బొంత మాత్రం మే నెలకు పూర్తి కాలేదు. బిడ్డకు మూడో నెల వచ్చాక ఇచ్చాను.

ఈమధ్య ఒక సంస్థకు కొత్త ప్రతిపాదన తయారుచేస్తూ ఆ 'సద్వినియోగం' వాక్యం కొట్టేశాను. లబ్ధిదారుల దినచర్య పట్టికలో రెండు నుంచి నాలుగు దాకా గడి ఖాళీగా వదిలేశాను. వారం తర్వాత అక్కడినుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, ఆ గడిలో ఏం రాయమంటారు మేడమ్ అని అడిగింది. ఏమీ రాయొద్దన్నాను. ఖాళీ గడి వదిలితే కంప్యూటరు దరఖాస్తు తీసుకోవడం లేదట. ప్రస్తుతానికి అది అక్కడే ఆగింది.