వరద తెచ్చే బురదలో ఏముంటది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన పెద్దవూర దగ్గర లంబాపూర్–పెద్దగట్టు గుట్టల్లో యురేనియం తవ్వుతామని యూసీఐఎల్ వచ్చింది. తండాలు, ఊర్లు ఎదురు తిరిగినయ్. అయినా ఖనిజం భూమిలనే ఉన్నది, మళ్లీ రారని గ్యారంటీ లేదు.

ఆ రాయి టన్ను తవ్వితే కిలో యురేనియం కూడా రాదు. మిగిలిన వ్యర్థంలో అసలు రేడియోధార్మికత దాదాపు 85 శాతం ఉంటది. దాన్ని చెరువు లెక్క కట్ట పోసి నింపుతరు. కట్ట తెగదా? 2024 సెప్టెంబర్ వానలకు కోదాడ దిక్కు సాగర్ ఎడమ కాల్వకే గండి పడ్డది! వరద ఇసుక మేటేస్తే ఎట్లనో ఎత్తిపోస్తం. రేడియం కలిసిన బురద మేటేస్తే? ఆ రేడియం సగం తగ్గాలంటేనే 1,600 ఏండ్లు.

నేల ఆరోగ్య కార్డుల చూసే 12 అంశాల్లో యురేనియం లేదు. అందుకే ఇప్పుడే గ్రామసభల్లో అడగండి: మన చెలకల మట్టికి యురేనియం, రేడియం పరీక్ష చేయించి లెక్క రాసి పెట్టాలె. లేకుంటే రేపు "ఇది మీ నేలల ముందునుంచే ఉన్నది" అంటరు.