‘గజ్జికుక్క’ అనే ముందు

మన ప్రాంతంలో ఒక కుక్క అదే పనిగా గోక్కుంటూ కనిపిస్తే దాని రోగనిర్ధారణ ఒక్క మాటలో ముగిసిపోతుంది: గజ్జికుక్క. ఆ పేరు పడిన తరువాత దానికి వైద్యమూ ఉండదు, అరుగు మీద చోటూ ఉండదు. ఉదయగిరి మెట్ట పల్లెల్లోనూ, ఆత్మకూరు వీధుల్లోనూ ఈ దృశ్యాన్ని నేను దశాబ్దాలుగా చూస్తున్నాను. నేను పశువైద్యుణ్ణి కాను. మనుషులకు వైద్యం చేసి ప్రభుత్వోద్యోగం నుంచి విరమించినవాణ్ణి. అయినా ఈ విషయమై రాయడానికి రెండు కారణాలున్నాయి. కుక్క దురద కుక్కతోనే ఆగదన్నది ఒకటి. ఈ విషయంలో నేనే ఒక తప్పు చేశానన్నది రెండవది.

ముందు తప్పు సంగతి చెబుతాను. పదవీ విరమణ తరువాత మా ఇంట పెరిగిన నాటు కుక్క ఒక వేసవిలో రాత్రనక పగలనక గోక్కోవడం మొదలుపెట్టింది. నా బీరువాలో ప్రెడ్నిసొలోన్ బిళ్ళలున్నాయి. బరువును బట్టి మోతాదు లెక్కగట్టి కొన్ని రోజులు అన్నంలో కలిపి పెట్టాను. రెండు రోజుల్లో దురద తగ్గింది. వైద్యుడి ఇంటి కుక్క కదా అని ఇంటిల్లిపాదీ సంతోషించారు, నేనూ కొంత గర్వించాను. మూడు వారాలు తిరగకముందే దాని చెవుల అంచులు చెక్కు కట్టాయి, మోచేతుల వద్ద వెంట్రుకలు రాలిపోయాయి. దానిని ఒళ్ళో పెట్టుకొని ఆడించే మనవరాలి ముంజేతుల మీద, పొట్ట మీద ఎర్రని పొక్కులు లేచాయి. పిల్ల పొక్కులను చూసిన తరువాతనే కుక్క జబ్బేమిటో నాకు అర్థమైంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దురదతో వచ్చిన ప్రతి రోగినీ ‘ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ అని అడిగేవాణ్ణి. నా ఇంట్లో ఆ ప్రశ్న వేయలేదు. దురద అన్నది జబ్బు కాదు, జ్వరం వలె ఒక లక్షణం. జ్వరానికి కేవలం పారాసిటమాల్ ఇచ్చి పంపే వైద్యుణ్ణి తప్పుపట్టే మనమే, దురదకు మాత్రం ‘ఏదో ఒక ఇంజక్షన్ వేయండి’ అని అడుగుతాం.

ఈ తొందర కొత్తది కాదు. గజ్జికి కారణం కంటికి కనబడీ కనబడని ఒక పురుగు అని ఇటలీలో బొనోమో అనే వైద్యుడు, చెస్తోని అనే ఔషధ విక్రేత కలిసి సూక్ష్మదర్శినితో చూసి, 1687లో ఒక లేఖగా ప్రకటించారు. వైద్యలోకం నమ్మలేదు. శరీరంలోని ద్రవాలు చెడినందువల్లనే గజ్జి పుడుతుందన్న సమాధానం అప్పటికే వారి వద్ద సిద్ధంగా ఉంది. 1834లో పారిస్ నగరంలో రెనుచ్చి అనే విద్యార్థి సూదిమొనతో ఆ పురుగును చర్మం నుంచి బయటికి తీసి చూపించేవరకు, అంటే దాదాపు నూటయాభై సంవత్సరాలు, ఆ సత్యం పక్కనే పడి ఉంది. మన వద్ద కూడా సమాధానం సిద్ధంగానే ఉంటుంది: వేడి చేసింది. మనిషికి దురద వస్తే వంకాయ మానిపిస్తాం, కుక్కకు వస్తే గుడ్డు మానిపిస్తాం.

కారణం వెదకడానికి ముందుగా పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. ఎక్కడ గోక్కుంటున్నది, ఎప్పటి నుంచి, ఇంట్లో ఇంకెవరికి ఉన్నది అన్న మూడు ప్రశ్నలు సగం దారి చూపుతాయి. నడుము వెనుక, తోక మొదట్లో కొరుక్కుంటూ ఉంటే ముందుగా అనుమానించవలసినది ఫ్లీ అనే ఎగిరి దూకే గోధుమ రంగు పురుగును. అది కనబడకపోవచ్చు, దాని విసర్జన కనబడుతుంది. పేల దువ్వెనతో ఆ చోట దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. మట్టి అయితే మట్టిగానే ఉంటుంది. నలుసు చుట్టూ ఎర్రని మరక వ్యాపిస్తే అది జీర్ణమైన రక్తం, ఫ్లీ ఉన్నట్టే. కొన్ని కుక్కలకు దాని లాలాజలం పడదు. అటువంటి వాటికి నాలుగైదు పురుగులున్నా చాలు, ఒళ్ళంతా పుండ్లవుతాయి. కుక్కకు ఎన్ని స్నానాలు చేయించినా ఇది పోదు; ఎందుకంటే గుడ్లలోనూ, పిల్లల దశలోనూ ఉన్న అధిక భాగం కుక్క ఒంటి మీద కాదు, అది పడుకునే గోనెసంచిలో, నేల పగుళ్ళలో ఉంటుంది. గోనెసంచిని పారవేయకుండా కుక్కకు మాత్రమే మందు పూసి, మందు పనిచేయలేదనడం న్యాయం కాదు. పిడుదుల సంగతీ అంతే. అవి గోడల సందుల్లో గుడ్లు పెడతాయి. దురద కన్నా అవి తెచ్చే జ్వరమే కుక్కకు ఎక్కువ ప్రమాదం.

చెవి అంచులు, మోచేతులు, మడమల వద్ద మొదలై తీవ్రమైన దురద ఉంటే అప్పుడు నిజంగానే గజ్జిని అనుమానించాలి. చెవి అంచును మడిచి వేళ్ళ మధ్య నలిపితే గజ్జి ఉన్న కుక్కల్లో చాలావాటికి అసంకల్పితంగా వెనుక కాలు గోకుతున్నట్టు ఆడుతుంది. పశువైద్యులు చర్మాన్ని బ్లేడుతో గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అయితే గీకినప్పుడు పురుగు దొరకలేదంటే గజ్జి లేదని కాదు, చాలాసార్లు దొరకదు. లక్షణాలు సరిపోతే పరీక్ష ఫలితం ఎలా ఉన్నా చికిత్స చేసి చూడటం సరైన పద్ధతే.

ఇక్కడ కుక్కకు న్యాయంగా ఒక మాట చెప్పాలి. కుక్క గజ్జి పురుగు మనిషి మీద సంతతిని వృద్ధి చేసుకోలేదు. కుక్క తాకిన చోట, ముంజేతులు, పొట్ట, తొడల మీద పొక్కులు లేస్తాయి. కుక్కకు చికిత్స జరిగితే కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి. వేళ్ళ సందుల్లో, మణికట్టు వద్ద దురదతో హాస్టలు నుంచి వచ్చిన పిల్లవాడికి ఉన్నది మనుషుల గజ్జి. దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి పెర్మెత్రిన్ పూసుకోవాలి. ఆ నింద వీధికుక్క మీద వేసి దానిని తరిమితే పిల్లవాడి గజ్జి తగ్గదు.

పురుగులేవీ లేకుండా పాదాలు నాకుతూ, చెవులు గోకుతూ ఏడాది పొడవునా బాధపడే కుక్కలకు ఆహారమో, ధూళో, పుప్పొడో పడకపోవచ్చు. ఆహారమా కాదా తేలాలంటే అది ఎన్నడూ తినని ఒకే మాంసకృత్తును ఎనిమిది వారాల పాటు పెట్టి చూడాలి, మధ్యలో ఒక్క బిస్కెట్టు కూడా ఇవ్వకూడదు. మన ఇళ్ళలో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇక సొంత వైద్యం. కాల్చిన ఇంజను ఆయిలు పూయడం ఇప్పటికీ చూస్తున్నాను. కుక్క దానిని నాకుతుంది, ఆ విషం కడుపులోకి పోతుంది. ఇంతకన్నా నన్ను భయపెట్టేది గొర్రెల మందు. ఐవర్‌మెక్టిన్ గొప్ప మందే. దానిని కనుగొన్నందుకు ఒమురా, క్యాంప్‌బెల్ అనే శాస్త్రవేత్తలకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ జీవాల కోసం అమ్మే ఇంజక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, అది 50 కిలోల బరువుకు లెక్క. గొర్రెకు వేసిన సిరంజితోనే పది కిలోల కుక్కకు కూడా ఒక మిల్లీలీటరు వేస్తే, గొర్రెకు అందినదానికి ఐదు రెట్లు అందినట్టు. కోలీ జాతి కుక్కల్లో ఒక జన్యులోపం వల్ల తక్కువ మోతాదే మెదడుకు చేరి ప్రాణం తీయగలదు. మంద వెంట కుక్క తిరుగుతుంది గనుక మంద మందే దానికీ చాలుననుకోవద్దు.

స్టెరాయిడ్లను నేను పూర్తిగా కాదనడం లేదు. కారణం తెలిసిన తరువాత, మోతాదు తెలిసి, గడువు పెట్టి ఇచ్చినప్పుడు అవి మేలు చేస్తాయి. కారణం తెలియకుండా ఇస్తే జబ్బు ముఖాన్ని చెరిపేస్తాయి. తామర ఉన్న మనిషి దుకాణంలో కొన్న క్రీము రాసుకొని, గుర్తుపట్టలేని రూపంలో దానిని తెచ్చుకోవడం చర్మవైద్యులు రోజూ చూస్తున్నారు. చర్మానికి పూసే 14 స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మరాదని కేంద్రం 2018లో నియమం తెచ్చింది ఇందుకే. కుక్కల విషయంలో ఆ మాత్రం జాగ్రత్త కూడా మనకు లేదు. నెలకొక ఇంజక్షన్‌తో ఏడాది గడిపిన లాబ్రడార్ ఒకటి మా వీధిలోనే ఉండేది. అది కుండెడు నీళ్ళు తాగేది, పొట్ట జారింది, వీపు బోసిపోయింది. ఎందుకు గోక్కుంటున్నదో ఆ ఏడాదిలో ఎవరూ చూడలేదు.

నా అభిప్రాయం ఇది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దురదతో వచ్చిన వారి ఓ.పి. చీటీ మీద ‘ఇంట్లో కుక్క ఉందా, అది గోక్కుంటున్నదా’ అన్న ప్రశ్న ఒకటి ఉండాలి. అవునని తేలితే రోగిని మందులతో పాటు పశువైద్యశాలకు కూడా పంపాలి. పల్లెల్లో ఉన్నవారు 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని అడగవచ్చు. గేదెకు మాత్రమే ఫోను చేయాలన్న మొహమాటం వద్దు. చర్మం గీకి చూడమని అడగండి. అడగడం మీ హక్కు, అది వైద్యుడికి అవమానమేమీ కాదు.

మా కుక్కను చివరికి పశువైద్యశాలకే తీసుకుపోయాను. ఆ యువ వైద్యుడు మొదట అడిగినది, ‘ఇంతకు ముందు ఏమైనా మందు ఇచ్చారా సార్?’ అని. చెప్పాను. ఆయన ఏమీ అనకుండా రాసుకున్నారు. అది పడుకునే గోనెను తగలబెట్టి, వరండాను వేడినీళ్ళతో కడిగించాం. నెలన్నరకు వెంట్రుకలు మళ్ళీ వచ్చాయి, ఎడమ చెవి అంచున తప్ప. మనవరాలి పొక్కులు అంతకు ముందే మాయమయ్యాయి.