బంజరు నేలకు మళ్లీ దారి వేసేముందు: టాడ్ హోవార్డ్ గారికి బహిరంగ లేఖ

టాడ్ హోవార్డ్ గారికి,
బెథెస్డా గేమ్ స్టూడియోస్.

గుంటూరు నుంచి రాస్తున్నాను. 'ఫాలౌట్ 3' మొదలుకొని 'ఫాలౌట్ 4' దాకా కథతో వచ్చిన ఎక్స్‌పాన్షన్లన్నీ ఆడాను. కొన్నింటిని రెండు మూడుసార్లు ఆడాను. 'ఎల్డర్ స్క్రోల్స్ 6' అయ్యాకే 'ఫాలౌట్ 5' అని మీరు 2022లో చెప్పారు. అంటే ఇంకా ఏళ్ల మాట. ఆ ఆట ఎలా ఉండాలో చెప్పేంతవాణ్ణి కాను. దాని వెనక రాబోయే ఎక్స్‌పాన్షన్ల గురించి మాత్రం (మేం డీఎల్‌సీలు అంటాం) ఇప్పుడే చెప్పాలనిపించింది. అన్నీ ఖరారయ్యాక ఉత్తరం రాసి ఏం లాభం?

నేను చెప్పదలిచింది ఒకటే. మీ డీఎల్‌సీల్లో మాకు గుర్తుండిపోయినవన్నీ ఒక చిన్న చోటును పట్టుకుని, దాని గతాన్ని తవ్వి, చివరికి ఎటు తేల్చినా మనసు ఒప్పని ఒక నిర్ణయం ముందు మమ్మల్ని నిలబెట్టినవే. కొత్త తుపాకులు, కొత్త లెవెళ్లు మాత్రమే ఇచ్చినవాటిని ఆ నెలలోనే మరిచిపోయాం.

ఈ ఉత్తరం చదివే మావాళ్లలో ఆట తెలియనివాళ్లు కూడా ఉంటారు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. 2077 అక్టోబరు 23న అణుబాంబులు పడి ప్రపంచం బూడిదవుతుంది. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ శిథిలాల్లో మిగిలినవాళ్ల మధ్య మనం ఒక మనిషిగా తిరుగుతాం. ఎవరికి సాయం చేయాలి, ఎవరిని కాల్చాలి, ఎవరిని నమ్మాలి అన్నది మన ఇష్టం. అసలు ఆట అయిపోయినా మనసు తీరనివాళ్ల కోసం అదే లోకంలో కొత్త ఊరు, కొత్త కథ విడిగా అమ్ముతారు. అదీ డీఎల్‌సీ.

'ఫాలౌట్ 3' 2008 అక్టోబరులో వచ్చింది. అప్పుడే ఎక్స్‌బాక్స్ 360లో దాన్ని మా దేశంలో విడుదల చేయడం లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సాంస్కృతికంగా సున్నితమైన విషయాలున్నాయంది గానీ అవేమిటో విడమరచలేదు. ఆటలో రెండు తలల ఆవులకు 'బ్రాహ్మిన్' అని పేరు పెట్టడమే కారణమని ఇక్కడి ఆటగాళ్లు అనుకున్నారు. అలా మీ బంజరు నేల మాకు ఆలస్యంగా దక్కింది. నేను కంప్యూటర్‌లో మొదలుపెట్టేనాటికి ఐదు డీఎల్‌సీలూ కలిసిన ఎడిషన్ వచ్చేసింది. అందుకే వాటిని నెలల తేడాతో కాకుండా వరసపెట్టి ఆడాను. ఏది ఎంత బరువైనదో అలా ఆడినప్పుడే తెలుస్తుంది.

'ఆపరేషన్ ఆంకరేజ్' అలాస్కా మంచులో చైనా సైన్యంతో పోరు. అదీ నిజం పోరు కాదు, సైనిక శిక్షణ కోసం తయారుచేసిన సిమ్యులేషన్. చచ్చినవాడి శవం కూడా కళ్లముందే మాయమవుతుంది. ఇక 'మదర్‌షిప్ జీటా'లో గ్రహాంతరవాసుల ఓడ, ఒకేలా ఉండే గదులు, కాల్చుకుంటూ పోవడం. రెంటిలోనూ మంచి ఆయుధాలు దొరికాయి, అంతే. 'పాయింట్ లుకౌట్' వీటికి పూర్తిగా వేరు. పొటోమాక్ నది చెసపీక్ అఖాతంలో కలిసేచోట, మీ మేరీల్యాండ్‌లో నిజంగా ఉన్న ప్రదేశం అది. ఆ బురదలో, పొగమంచులో పడవ దిగి ఎటు వెళ్లాలో తెలియక తిరిగిన మొదటి గంట నాకు ఇప్పటికీ ఇష్టం.

'బ్రోకెన్ స్టీల్' సంగతి వేరు. అసలు ఆట చివర జెఫర్సన్ మెమోరియల్‌లో నీటిశుద్ధి యంత్రం నడవాలంటే రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్లి ప్రాణం పోగొట్టుకోవాలి. రేడియేషన్ ఏమీ చేయలేని ఫాక్స్ అనే స్నేహితుడు పక్కనే ఉంటాడు. వెళ్లమంటే, ఇది నీ విధి, నేను అడ్డురాను అంటాడు. ఆ మాట ఎవరికీ మింగుడుపడలేదు. 2009 మేలో మీరు దాన్ని సరిదిద్దారు. స్నేహితుణ్ణి పంపించే వీలిచ్చారు, ఆట అక్కడితో ఆగకుండా చేశారు, లెవెల్ హద్దును 20 నుంచి 30కి పెంచారు. కథగా అది గొప్పదని అనను. కానీ ఆటగాళ్ల మాట మీరు విన్నారనడానికి అదే సాక్ష్యం. ఆ నమ్మకంతోనే ఈ ఉత్తరం.

అసలు చెప్పుకోవాల్సింది 'ద పిట్' గురించి. ఉక్కుకు పేరుపడ్డ పిట్స్‌బర్గ్. అక్కడికి బానిస బట్టల్లో వెళతాం. లోపలికి అడుగుపెట్టగానే ఆయుధాలు లాగేసుకుంటారు. ఉక్కు యార్డులో దిమ్మెలు ఏరుకురమ్మని పంపిస్తారు. అక్కడ రోగంతో మనిషి రూపం పోయిన ట్రాగ్‌లు కాచుకుని ఉంటాయి. బానిసల విడుదల కోసం రోగానికి మందు దొంగిలించి తెమ్మంటాడు వెర్నర్ అనే అతను. తీరా యజమాని ఆషర్ ఇంట్లోకి వెళితే మందు సీసా ఉండదు. ఊయలలో పసిపాప ఉంటుంది. ఆషర్ కూతురు. పేరు మేరీ. ఆ రోగం అంటని ఒంటితో పుట్టింది. ఆ బిడ్డే మందు. బిడ్డను తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కుపోతే బానిసలకు విడుదల. వదిలేస్తే, మందు తయారయ్యాక అందరినీ విడుదల చేస్తానన్న యజమాని మాట నమ్మాలి. నేను ఆ ఊయల దగ్గర మౌస్ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఎత్తుకున్నాను. తర్వాత ఇంకోసారి ఆడి వదిలేసి చూశాను. రెండుసార్లూ మనసుకు సుఖం లేదు. అయినా రెండు దారుల్లోనూ కథ నిండుగానే ఉంది. ఏ దారి పట్టినవాడికీ సగం కథ తగ్గలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, 'నూకా వరల్డ్' దగ్గర మళ్లీ వస్తాను.

2010లో వచ్చిన 'న్యూ వెగాస్' మీ స్టూడియో చేసింది కాదు. అబ్సిడియన్ తయారుచేస్తే మీ కంపెనీ ప్రచురించింది. అయినా కథతో వచ్చిన దాని నాలుగు డీఎల్‌సీల సంగతి లేకుండా ఈ పోలిక పూర్తికాదు. 'డెడ్ మనీ'లో మెడకు బాంబు పట్టీ తగిలించి సియెర్రా మాడ్రే అనే క్యాసినోలోకి తోస్తారు. ఊరంతా ఎర్రటి విషపు మేఘం. ఆయుధాలు లేవు, తిండి చాలదు. చాలామంది ఆ కష్టానికే విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ కష్టమే కథ అనిపించింది. చివర నేలమాళిగ తెరిస్తే 37 బంగారు కడ్డీలు. ఒక్కోటి 35 పౌండ్లు, మొత్తం 1,295 పౌండ్లు. మోసుకుని పరుగెత్తలేం. ఉపాయాలతో అన్నీ తెచ్చుకున్న ఆటగాళ్లూ ఉన్నారు. నేను రెండు పట్టుకుని మిగతావి వదిలేశాను. చేతికందింది వదులుకోవడం ఎలా ఉంటుందో కథ చెప్పి ఊరుకోలేదు, నాచేత చేయించింది.

'ఆనెస్ట్ హార్ట్స్' గురించి కాస్త ఎక్కువే చెబుతాను. యూటా రాష్ట్రంలోని జయన్ లోయ. పైకి కనిపించే కథ పలచన. అక్కడి తెగలు ఉండాలా వెళ్లిపోవాలా అన్నది జాషువా గ్రాహమ్, డేనియల్ అనే ఇద్దరు బయటివాళ్లు, మూడో బయటివాడిగా మనం కలిసి తేలుస్తాం. తెగవాళ్లను అడిగేవాడు లేడు. అడవిలో ఉండేవాళ్ల తరఫున బయటివాళ్లు మాట్లాడటం మా రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం కాబట్టి అది నాకు ముల్లులా గుచ్చుకుంది. కానీ ఆ లోయ గుహల్లో పాత కంప్యూటర్లున్నాయి. రాండాల్ క్లార్క్ అనే మాజీ సైనికుడి డైరీలు వాటిలో ఉన్నాయి.

అప్పట్లో మా తమ్ముడికి ఇంగ్లీషు అంతగా వచ్చేది కాదు. గేమ్ వాడు ఆడేవాడు, నేను పక్కన స్టూలు వేసుకుని తెర మీద అక్షరాలు చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. బాంబులకు భార్యాబిడ్డలు పోయారని చదివాను. చచ్చిపోదామనుకుని బతికాడని చదివాను. ఏళ్ల తర్వాత సిల్వీ అనే ఆమె తోడు దొరికితే, కాన్పులో తల్లీబిడ్డా ఇద్దరూ పోయారని చదివేసరికి గొంతు పట్టేసింది. తమ్ముడు కీబోర్డు మీంచి చేతులు తీసేసి, "ఇంకో గుహలో ఏముందో చూద్దాం పద అన్నయ్యా" అన్నాడు. చివరి గుహల్లో క్లార్క్ ముసలివాడు. దిక్కులేని పిల్లలు కొందరు లోయలోకి వస్తారు. వాళ్లకు కనపడకుండానే వస్తువులు, చీటీలు వదిలి బతకడం నేర్పుతాడు. తన శవం పిల్లల కంట పడకూడదని చావు దగ్గరపడ్డాక కొండెక్కిపోతాడు. ఆ పిల్లల సంతతే ఇప్పటి సారోస్ తెగ, వాళ్లు గుహలోని తండ్రిగా తలుచుకునేది ఇతన్నే అని అప్పుడు వెలుగుతుంది. ఆ ముక్క చెప్పడానికి మనుషులు లేరు, గొంతులు లేవు, ఒక బాణం గుర్తు కూడా లేదు. మేమే వెతుక్కుని ఎక్కాం. పైన ఎముకలగూడు, పక్కన తుపాకీ. తమ్ముడు ఆ తుపాకీ తీసుకోలేదు.

'ఓల్డ్ వరల్డ్ బ్లూస్' నవ్విస్తూ నవ్విస్తూ బెంగ పుట్టిస్తుంది. 'లోన్సమ్ రోడ్' మాటలెక్కువ, దారి ఒక్కటే. అయినా నాలుగింటినీ ఒక్క తాడుతో కట్టారు. ఒకదానిలో వినిపించిన పేరు ఇంకోదానిలో మనిషై ఎదురవుతుంది.

ఇక మీ 'ఫాలౌట్ 4'. 2016లో ఆరు నెలల్లో ఆరు డీఎల్‌సీలు తెచ్చారు. మార్చి 1 నుంచి సీజన్ పాస్ ధర 30 డాలర్ల నుంచి 50కి పెంచారు. ఆ ఆరింటిలో మూడు వర్క్‌షాపులు, అంటే ఇళ్లు, యంత్రాలు కట్టుకునే సామాన్లు. కట్టుకోవడం ఇష్టమైనవాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టను. కానీ కథ కోసం డబ్బు కట్టినవాడి చేతిలో తలుపులు, గోడలు పెట్టడం న్యాయం కాదు.

అదే ఏడాది 'ఫార్ హార్బర్' కూడా ఇచ్చారు. మీ స్టూడియో చేసిన డీఎల్‌సీల్లో నా దృష్టిలో ఇదే మొదటిది. మెయిన్ రాష్ట్రపు ద్వీపం, మనుషుల్ని తీరానికి నెట్టేసిన పొగమంచు. సింథ్‌ల (అచ్చం మనుషుల్లా తయారుచేసిన కృత్రిమ మనుషుల) పెద్ద డీమా మనల్ని మొదటిసారి చూసినప్పుడు, నీకు గుర్తున్న అన్నిటికన్నా పాత జ్ఞాపకం ఏమిటని అడుగుతాడు. జవాబు వెతికితే బాంబులు పడ్డ రోజుకు ముందు మన పాత్రకు ఏమీ లేదు. నేనూ సింథ్‌నేనా అన్న అనుమానం అక్కడ మొదలై ఆట అయిపోయినా పోదు. తర్వాత, ఊరిని కాపాడుకొస్తున్న కెప్టెన్ ఏవరీ నిజమైన ఏవరీ కాదని, అసలామెను చంపించి సింథ్‌ను పెట్టింది డీమాయేనని తెలుస్తుంది. ఆ సంగతి ఆమెకే తెలియదు. ఎముకలు దొరికాక ఊరికి నిజం చెప్పాలా, శాంతి కోసం దాచాలా? నేను దాచాను. అది తప్పేమోనని ఇప్పటికీ అనుకుంటాను. మధ్యలో డీమా జ్ఞాపకాల్లోకి వెళ్లే ఇటుకల పజిల్ విసిగించింది, నిజమే. మిగతాదాని ముందు అదెంత.

మూడు నెలలకే 'నూకా వరల్డ్'. చక్కటి పాడుబడ్డ వినోదనగరం, మూడు దోపిడీ ముఠాలు. వాళ్లకు నాయకుడైతే బోలెడు కథ. మంచివాడిగా ఉంటానంటే ముఠా పెద్దలందర్నీ కాల్చేసి ఇంటికి పోవడమే. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే. 'ద పిట్'లో 2009లోనే మీరు చేసి చూపించిన పని ఏడేళ్ల తర్వాత ఎందుకు చేయలేకపోయారు?

అందుకని అడుగుతున్నాను. వచ్చేసారి ఐదారు వద్దు, రెండు చాలు. మ్యాపు చిన్నదైనా ఫర్వాలేదు. ఏ దారిన వెళ్లినవాడికైనా నిండు కథ దక్కేలా రాయించండి. కట్టడాల సామాన్లు వేరే పేరుతో, వేరే ధరకు అమ్మండి. అబ్సిడియన్ 2018లోనే మైక్రోసాఫ్ట్‌లో చేరింది, 2021లో మీరూ అదే గూటికి వచ్చారు. ఇప్పుడు ఇద్దరికీ మధ్య గోడ లేదు. ఆ రెండింటిలో ఒకటి వాళ్ల చేతికివ్వండి. రెండోది 'ఫార్ హార్బర్' రాసినంత శ్రద్ధతో మీరు రాయండి. మా తమ్ముడికి ఇప్పుడు ఇంగ్లీషు బాగానే వచ్చు. అయినా ఆ రోజు వస్తే పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను.

ఇట్లు,
గుంటూరు నుంచి మీ ఆటగాడు