శాతం సరే, గ్రాములు చెప్పండి

కంకిపాడులో బందరు రోడ్డు పక్కన మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని నేను. ఎంత శాతం స్పిరిట్‌లో ఎన్ని నీళ్లు పోస్తే ఎంతకు దిగుతుందో మాకు డి.ఫార్మసీలోనే నేర్పుతారు. ప్రూఫ్ స్పిరిట్ లెక్క కూడా అక్కడిదే. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద ఉండే 42.8 శాతం ఆ లెక్కలోంచే పుట్టింది. పాత బ్రిటిష్ కొలతలో 57.1 శాతం ఆల్కహాల్ ఉంటే 100 ప్రూఫ్. అందులో ముప్పాతిక, అంటే 75 ప్రూఫ్, 42.8 అవుతుంది. తెల్లవాళ్లు వెళ్లిపోయినా అంకె ఉండిపోయింది. కొనేవాడికి మాత్రం దానివల్ల ఏమీ తెలియదు.

మా అక్క కొడుకు బెజవాడలో ఓ బార్ కౌంటర్లో పనిచేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు విస్కీ సవర్ అనే కాక్‌టెయిల్ గురించి చెబుతూ, "చాలా లైటు పిన్నీ, అంతా నిమ్మరసమే. కొత్తవాళ్లు అదే అడుగుతారు" అన్నాడు. కాగితం చేతికిచ్చి లెక్క వేయించాను. విస్కీ 60 మి.లీ., నిమ్మరసం 30, చక్కెర పాకం 20. మొత్తం 110. విస్కీలో ఉన్న అసలు ఆల్కహాల్ 25.7 మి.లీ. దాన్ని 110తో భాగిస్తే 23 శాతం పైచిలుకు. అక్కడితో అయిపోలేదు. షేకర్‌లో ఐసు వేసి, వేళ్లు కొంకర్లు పోయేదాకా ఊపుతారు కదా, ఆ కాసేపట్లో ఐసు కరిగి ఓ 40 మి.లీ. నీళ్లు కలుస్తాయి. గ్లాసులోకి వంచేది 150 మి.లీ., బలం 17 శాతం. "చూశావా, సగానికి సగం తగ్గిపోయింది!" అన్నాడు.

తగ్గింది ఘాటే. ఆ 25.7 మి.లీ. ఎక్కడికీ పోలేదు. మిల్లీలీటరు ఆల్కహాల్ 0.789 గ్రాములు తూగుతుంది కాబట్టి గ్లాసులో ఉన్నది 20 గ్రాములు. పులుపూ తీపీ నాలుకను మభ్యపెడతాయి గానీ రక్తాన్ని మభ్యపెట్టలేవు. 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపున అది తాగితే రక్తంలో 100 మి.లీ.కి 40 మిల్లీగ్రాముల చుట్టుపక్కలకు చేరుతుంది. ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30. అంటే ఆ "లైటు" గ్లాసు ఒక్కటి తాగి బండి తీస్తే చాలు, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలో, 10 వేల జరిమానాయో, రెండూనో పడొచ్చు.

మన ఊళ్లలో విస్కీ సవర్ అడిగేవాళ్లు తక్కువే. ఇక్కడ నడిచేది క్వార్టర్. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకు కూడా దొరుకుతోంది. ఆ 180 మి.లీ.లో దాదాపు 61 గ్రాములు, అంటే మూడు విస్కీ సవర్లు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 41 గ్రాములు. "బీరే కదా" అని క్వార్టర్‌లో సగం దాంట్లో కలిపేవాళ్లు 70 గ్రాములు దాటిపోతారు. వాళ్లలో కొందరు తర్వాత గుండెల్లో మంటకు మాత్రలడుగుతూ నా కౌంటర్ దగ్గరికే వస్తారు. ఎంత తాగారంటే "కొంచెమే మేడమ్" అంటారు. అబద్ధమాడుతున్నారని నేననుకోను. వాళ్ల దగ్గర కొలత లేదు.

ఆస్ట్రేలియాలో ప్రతి సీసా మీదా ఎన్ని "స్టాండర్డ్ డ్రింకు"లున్నాయో రాయాల్సిందే. ఒక్కోటి 10 గ్రాములు. మన సీసాల మీదా, బార్ల మెనూల్లోనూ తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో "ఇందులో ఆల్కహాల్ 61 గ్రాములు" అని కనిపించాలి. గ్రాములు చెబితే తాగమన్నట్టే కదా అని కొందరు పెద్దలు అభ్యంతరపెడతారు. సారాకు వ్యతిరేకంగా దూబగుంట ఆడవాళ్లు చేసిన పోరాటం మీద నాకు అపారమైన గౌరవం. అయినా 1995లో తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997 దాటి నిలవలేదు. అమ్మకానికి అనుమతి ఇస్తున్నన్నాళ్లూ అమ్మేదాంట్లో ఏముందో చెప్పే బాధ్యత ప్రభుత్వానిదే. పది రూపాయల మాత్రల స్ట్రిప్పు మీద ఎన్ని మిల్లీగ్రాములో అచ్చువేయకపోతే నన్ను అమ్మనివ్వరు. క్వార్టర్ సీసాకూ అదే నియమం పెట్టాలి.