మజిలీ

గమ్యం చేరడమే ప్రయాణమని చాలామంది భావిస్తారు. దారిలో అనుకోకుండా ఆగవలసివస్తే ఓటమి కలిగినట్లు కుంగిపోతారు. ఈ భావన సమంజసం కాదు.

అమెరికాలోని అపలాచియన్ కాలిబాట కొండలు, అడవుల గుండా పద్నాలుగు రాష్ట్రాలలో సుమారు 3,500 కిలోమీటర్లు సాగుతుంది. దానిని ఆసాంతం నడవడానికి సాధారణంగా ఐదు నుంచి ఏడు నెలలు పడుతుంది. కాళ్ళు బొబ్బలెక్కినా, ఎడతెరిపి లేని వాన పట్టుకున్నా పాదచారి సమీపంలోని చిన్న పట్టణంలో ఆగక తప్పదు. బాటపై ఒక్క అడుగైనా ముందుకు సాగని అటువంటి రోజును అక్కడివారు 'జీరో డే' అంటారు. లెక్కకు అది సున్నాయే. కాని ఆనాడే పుండు మానుతుంది. తడిసిన బట్టలు ఆరుతాయి. ముక్కూ మొగమూ తెలియనివారి ఆదరణ లభిస్తుంది.

ఎమ్మా గేట్‌వుడ్ 1954లో ఈ బాటపై దారి తప్పి, కళ్ళద్దాలు పగిలి, వెనుదిరిగింది. మరుసటి ఏడాది, 67 ఏళ్ళ వయస్సులో, ఒంటరిగా బాటనంతా నడిచింది. దారి పొడవునా ఎందరో అపరిచితులు ఆమెకు అన్నం పెట్టి ఆశ్రయమిచ్చారు.

ఆగితే సంకల్పం సడలుతుందని కొందరి వాదం. సుఖం మరిగి నడక మానినవారు ఉండవచ్చు. ఆ దోషం మనస్సుది గాని మజిలీది కాదు. కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు తన వెంట వచ్చిన గోపబాలునికి కథలు చెప్పినది మజిలీలలోనే కదా!

చదువులో ఒక ఏడాది వెనుకబడిన విద్యార్థి సైతం ప్రయాణం ముగిసిందని తలపరాదు. అతడు మజిలీలో ఉన్నాడు. దారి ఇంకా ఉన్నది.