విత్తనాలకున్న చోటు మనుషులకు లేదా?

మొన్న పటాన్‌చెరులో చాయ్ తాగుతుంటే మా టీములో కుర్రాడితో చిన్న వాదన పడింది. బాలాపూర్ రోహింగ్యాల మీద ఏదో వార్త చదివి, "వీళ్ళని మనమెందుకు భరించాలన్నా? ప్రపంచంలో ఇంకే దేశమూ లేదా?" అన్నాడు. అప్పటికప్పుడు ఉపన్యాసం దంచుదామనుకున్నాను గానీ, ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ రెండో ప్రశ్న సరైనదే అనిపించింది. నిజంగానే, ఇంకే దేశమూ లేదా?

ముందు లెక్కలు చూద్దాం. 2024 చివరికి ప్రపంచంలో శరణార్థులు దాదాపు 4 కోట్ల 27 లక్షలని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ చెబుతోంది. వాళ్ళలో మూడింట రెండొంతులమంది పక్కదేశంలోనే ఉన్నారు. నూటికి 73 మంది ఉన్నది పేద, మధ్యాదాయ దేశాల్లో. ఆ ఏడాది వేరే దేశంలో స్థిరపడే అవకాశం దొరికింది మాత్రం రెండు లక్షలలోపు మందికే. 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి పారిపోయిన ఏడు లక్షల పైచిలుకు రోహింగ్యాలు బంగ్లాదేశ్ మీద పడ్డారు. కారణం? పక్కనుంది కాబట్టి, అంతే. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది లోడ్ బాలన్సర్ లేని సిస్టమ్. దగ్గరున్న సర్వర్ మీదే రిక్వెస్టులన్నీ పడతాయి. అది కుప్పకూలితే తప్పంతా ఆ సర్వర్‌దే అంటాం!

మావాడిది విశాఖపట్నం. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపుకి ఆ పేరెందుకొచ్చిందో వాడెప్పుడూ ఆలోచించినట్టు లేదు. ఒకప్పుడు రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో తెలుగువాళ్ళు వేలాదిగా పనిచేసేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనల్ని 'కోరంగీ'లనేవారు. 1942లో జపాన్ దండెత్తినప్పుడు ఎంతోమంది అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు. 1962లో సైన్యం గద్దెనెక్కి వ్యాపారాలు జాతీయం చేశాక లక్షలమంది భారతీయులు వెనక్కి రావలసివచ్చింది. వాళ్ళకోసం, సిలోన్ నుంచి వచ్చినవాళ్ళకోసం కేంద్రం 1969లో రెప్కో బ్యాంకు పెట్టింది. అంటే మనవాళ్ళని తరిమితే తీసుకోవడానికి ఒక దేశం ఉంది. అదే బర్మా 1982 పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలని ఏ దేశానికీ చెందనివాళ్ళని చేసింది. తేడా అక్కడుంది.

"మన పేదలకే దిక్కులేదు" అంటారు. కాదనను. పాశమైలారం, బొల్లారం వైపు వెళ్తే ఒడిశా, బీహార్ నుంచొచ్చినవాళ్ళు ఒక్కో గదిలో అయిదారుగురు సర్దుకుంటూ కనిపిస్తారు. కూలి తగ్గుతుందేమోనన్న వాళ్ళ భయాన్ని ఏసీ గదిలో కూర్చుని నేను కొట్టిపారెయ్యలేను. కానీ ఆ వాదన బరువు పంచుకోవాలి అనడానికి పనికొస్తుంది గానీ, అసలు ఎవరూ మొయ్యక్కర్లేదు అనడానికి పనికిరాదు.

పంచుకోవడం సాధ్యమా? మన పక్కనే జరిగింది. భూటాన్ నుంచి వెళ్ళగొట్టబడి నేపాల్ క్యాంపుల్లో ఏళ్ళ తరబడి మగ్గినవాళ్ళలో 1,13,000 మందికి పైగా 2007 నుంచి ఎనిమిది దేశాలకి వెళ్ళి స్థిరపడ్డారు. ఎక్కువమందిని అమెరికా తీసుకుంది. అదే యూరప్ 2015లో ఇటలీ, గ్రీసుల నుంచి 1,60,000 మందిని పంచుకుంటామని తీర్మానించి దాదాపు 35,000 దగ్గరే ఆగిపోయింది. హంగరీ ఒక్కరినీ తీసుకోలేదు. 2018 డిసెంబరులో 181 దేశాలు ఐక్యరాజ్యసమితిలో శరణార్థుల ఒడంబడికకి ఓటేశాయి. బాధ్యత పంచుకోవాలని అందులో ఉంది, కానీ ఎవరి వాటా ఎంతో లేదు. అపార్ట్‌మెంటు మీటింగులో లిఫ్టు బాగుచేయించాలని అందరూ చేతులెత్తి, చందా దగ్గర లేచిపోయినట్టు.

అలాగని మనుషుల్ని బస్తాల్లా పంచుకున్నా తప్పే. 1964లో శాస్త్రి, సిరిమావో ఒప్పందంలో సిలోన్ తోటకూలీలు 9,75,000 మందిలో 5,25,000 మనకి, 3,00,000 వాళ్ళకి అని రాసుకున్నారు. మిగిలిన లక్షన్నర సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ కూలీలని ఎవరూ అడగలేదు.

నా మటుకు నాకు తోచింది ఇది. జనాభా, ఆదాయం చూసి ఒక్కో దేశానికి వాటా తేల్చాలి. మనిషిని తీసుకోలేని దేశం డబ్బు కట్టాలి. ఎక్కడికి వెళ్తావని ఆ మనిషినీ అడగాలి. ఇక మనం 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు, సొంతంగా శరణార్థి చట్టమూ చేసుకోలేదు. ముందు ఒక చట్టం చేసుకుంటే, "మా వాటా మేం మోస్తున్నాం, మీ వాటా ఏదీ?" అని ధనిక దేశాలని నిలదీసే హక్కొస్తుంది.

రోజూ ఇక్రిశాట్ గోడ పక్కనుంచే ఆఫీసుకెళ్తాను. లోపల విత్తన బ్యాంకులో 144 దేశాల జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు భద్రంగా ఉన్నాయి. సొంతగడ్డ మీద పోయిన రకాలని సోమాలియా, సూడాన్ లాంటి దేశాలకి ఇక్కడినుంచే తిరిగి పంపారు. ఖర్చు ఎన్నో దేశాలు కలిసి పెట్టుకుంటున్నాయి. మళ్ళీ మొలిచే రోజొస్తుందని విత్తనాన్ని దాచడం చేతనైనవాళ్ళకి, ఇంటికెళ్ళే రోజొచ్చేదాకా మనిషిని దాచడం చేతకాదా?

రేపు చాయ్ దగ్గర మావాడికి ఇదే చెప్తాను. ఒప్పుకుంటాడని నమ్మకం లేదు. మీరేమంటారు?