గ్యాసు బుక్కు ఎవరి పేరున నున్నది?

దర్శి, ముండ్లమూరు, తాళ్లూరు, కురిచేడు, దొనకొండ మండలములలోని గృహస్థులకును, ముఖ్యముగా వంటింటి భారమును మోయుచున్న అక్కచెల్లెండ్రకును చేయు మనవి యిది.

2024 డిసెంబరు 4వ తేదీ ప్రాతఃకాలమున ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతతో భూమి కంపించి, హైదరాబాదు, విజయవాడ నగరములలోని జనులను సైతము కలవరపెట్టినప్పుడు, అది గోదావరి లోయకు సంబంధించిన వార్తయని మనము పత్రికలలో చదివి యూరకుంటిమి. మూడు వారములైనను గడవకమునుపే, 21వ తేదీ ఉదయము పదిన్నర ప్రాంతమున ముండ్లమూరు, తాళ్లూరు మండలములలో నేల కదలి, ఇండ్లలోనివారును బడులలోని పిల్లలును బయటికి పరుగెత్తవలసి వచ్చెను. మరునాడును, మూడవనాడును అదే కదలిక మరల తోచెను. అవి మూడు ప్రాంతపు తీవ్రత గలవి గనుక పెద్ద నష్టము కలుగలేదు. కాని 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమున వచ్చిన భూకంపపు తీవ్రత 5.4. ఈ కొలమానమున రెండంకెలకు మించిన భేదమనగా, విడుదలైన శక్తిలో వేలరెట్ల భేదమన్నమాట. గుండ్లకమ్మ పరీవాహకమున భూగర్భమునందు ప్రాచీనమైన పగుళ్లు గలవని శాస్త్రజ్ఞులు చెప్పుచునే యున్నారు. అట్టి కంపము మరల ఏనాడు వచ్చునో చెప్పగలవారు లేరు. చెప్పెదమని వాట్సాపులో తేదీలు పంపువారిని నమ్మవలదు.

1967లో మన వంటిండ్లలో పత్తికట్టెయు, కందికట్టెయు, పిడకలును మండుచుండెను. నేడు ఇంచుమించు ప్రతి యింటను 14.2 కిలోల ద్రవవాయువును బిగించిన యినుపతొట్టి యొకటి పొయ్యిగట్టు క్రింద కూర్చుండియున్నది. ఆ ద్రవము బయటపడినచో తన పరిమాణమునకు సుమారు రెండువందల యేబది రెట్ల వాయువగును. గాలికన్న బరువైనదగుటచే పైకెగసిపోక, నేలబారున ప్రాకి, మూలలలోను, గడపల వెంటను, మంచముల క్రిందను నిలుచును. మిరపకాయల టిక్కీలు పేర్చిన యింటిలో, ఆ ఘాటునకు అలవాటుపడిన ముక్కు గ్యాసు వాసనను ఆలస్యముగా పసిగట్టునేమో యని నా యనుమానము.

కావున నేల కదలినప్పుడు పొయ్యి చేతికందునంత దగ్గర నున్నచో బిరడా త్రిప్పి కట్టివేయవలెను. దూరముననున్నచో దానికొరకు పరుగిడక తలను కాపాడుకొనుటయే మేలు. కంపమాగిన పిదప రెగ్యులేటరును కట్టి, సిలిండరు ఒరిగియున్నచో నిలువున నిలుపవలెను. ఏలయన పడియున్న సిలిండరునుండి వాయువునకు బదులు ద్రవమే వచ్చును. వాసన తగిలెనా, తలుపులు కిటికీలు తెరచి, అగ్గిపుల్ల గీయక, దీపపు స్విచ్చి వేయక, వెలుగుచున్న దానిని ఆర్పకయు, అందరును బయటికి వచ్చి, దూరమునుండి 1906 సంఖ్యకు ఫోను చేయవలెను. స్విచ్చిని ఆర్పుటయందు ప్రమాదమేమని చదువుకొన్నవారే అడుగుచుందురు. వేసినను ఆర్పినను లోపల పుట్టు నిప్పురవ్వ ఒక్కటియే. డిసెంబరులో వలె కదలికలు దినదినము వచ్చుచున్నప్పుడు, రబ్బరుగొట్టము బిగువును ప్రతిసారియు చూచుకొనవలెను. ఆ గొట్టమునకు అయిదేండ్లు దాటినచో కంపము రాకున్నను మార్చవలసినదే.

ఇక సొమ్ము సంగతి. 2024 నవంబరు 1న శ్రీకాకుళము జిల్లా ఈదుపురమున ఆరంభమైన దీపము-2 పథకము క్రింద, అర్హతగల కుటుంబమునకు ఏటికి మూడు సిలిండర్లు ఉచితము. అయితే మొదట పూర్తివెల మనమే చెల్లింపవలెను. ఆ మొత్తము 48 గంటలలో బ్యాంకు ఖాతాకు తిరిగి రావలెనని నిబంధన. ఏప్రిలునుండి జూలైవరకు ఒకటి, ఆగస్టునుండి నవంబరువరకు ఒకటి, డిసెంబరునుండి మార్చివరకు ఒకటి. గడువులోపల బుక్కు చేయనిది గడువుతోనే పోవును.

సొమ్ము రాలేదని యనువారి కథ విచారించినచో తరచుగా రెండే కారణములు తేలుచున్నవి. మొదటిది ఖాతా. ఒక్కొక్క ఇల్లాలికి డ్వాక్రాకొకటి, ఉపాధి కూలికొకటి, పంటఋణమునకొకటిగా ఖాతాలుండగా, సర్కారు సొమ్ము ఆధారుతో చివర జోడింపబడిన ఖాతాకు చేరును. అది ఆమె మరచిన పుస్తకము కావచ్చును. జమయైనదను సందేశము హైదరాబాదులోని కొడుకు ఫోనుకు పోవచ్చును. ఇట్లు ముట్టనిసొమ్ము పదేండ్లు నిలిచినచో రిజర్వుబ్యాంకు వారి నిధికి మరలును. పిమ్మటను అడిగి తెచ్చుకొనవచ్చును గాని, ఆ తిరుగుడు ఎవరికి కావలెను?

రెండవ కారణమే నన్నీ విజ్ఞప్తికి పురికొల్పినది. బుక్కు మామగారి పేరుననుండును. ఆయన కాలధర్మము నొంది ఏండ్లు గడచియుండును. పోయినవారికి ఈ-కేవైసీ జరుగదు, రాయితీ రాదు. అంతకు మించిన కీడు మరియొకటి కలదు: చమురు సంస్థలు తమ వినియోగదారుల కొరకు ప్రీమియము తామే చెల్లించి ప్రమాదబీమా నిలిపియున్నవి. దానిని పొందవలెనన్నచో ఆపద వాటిల్లినవెంటనే ఏజెన్సీకి వ్రాతమూలముగా తెలుపవలెను. అప్పుడు అధికారులు మొదట చూచునది బుక్కులోని పేరును, చిరునామాయును. కాబట్టి రాయితీని నిలుపు దోషమే గ్యాసు ప్రమాదమునాడు పరిహారమునకును అడ్డుతగులవచ్చును. మరణధ్రువపత్రము, తక్కిన వారసుల అంగీకారపత్రము, ఆధారు తీసికొని ఏజెన్సీకి పోయినచో పేరు మారును. పట్నమునకు వలసపోయి కనెక్షను వదలుకొనదలచినవారు సిలిండరును, రెగ్యులేటరును, తొలినాటి వోచరును ఒప్పగించి ధరావతు సొమ్మును తిరిగి పొందవచ్చును; అటకమీద ఖాళీ సిలిండరును దాచుట వలన ప్రయోజనము లేదు.

రాయితీ విషయమున ఫిర్యాదు చేయవలసిన సంఖ్య 1967. అది ఒంగోలు భూకంపపు సంవత్సరమే యగుట కాకతాళీయము, అయినను గుర్తుంచుకొనుటకు సులువు.

పత్తితీతలు, మిరపకోతలు ముమ్మరమైన పిదప ఎవరికిని తీరిక చిక్కదు. అందుచేత ఈ వారములోనే గ్యాసు బుక్కు తెరచి అందలి పేరు చూడుడు. ఆధారు ఏ ఖాతాతో ముడిపడియున్నదో బ్యాంకులోనో సచివాలయమునందో అడుగుడు. ఇంట వంటచేయువారందరి చేతను, పెద్ద పిల్లలచేతను, ఒక్కసారి రెగ్యులేటరును కట్టించి, విప్పించి, మూత పెట్టించి చూడుడు. ఒంటరిగా నున్న ముసలివారి యిల్లు మీ వీథిలో నున్నచో, అక్కడికిని పోయి ఈ మూడు పనులును చేసిరండు.